ఒకటి తక్కువ కోటి

శ్రీముఖలింగంలో ఒకటి తక్కువ కోటి లింగాలున్నాయని మా వైపు పసిపిల్లలు కూడా చెప్తారు. ఎవరు లెక్కపెట్టారని మాత్రం ఎవరూ అడగరు. ఆ సాయంత్రం వంశధార రేవులో తగువు ఆ మాట దగ్గరే మొదలైంది. తగువు పడ్డవాళ్ళు ఇద్దరు. ఒకరు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాష్టారు. రెండోది ఆయన మేనకోడలు. ఆ అమ్మాయి నీళ్ళు పరీక్షించే లేబులో పనిచేస్తోంది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఈమధ్యే పట్టుబడింది, కొత్తగా ఈత వచ్చినవాళ్ళలా కనబడ్డ ప్రతి చెరువులోనూ దిగుతోంది. నేను మూడోవాణ్ణి. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ విన్నాను.

మాష్టారు: కోటికి ఒక్కటి తక్కువ. అంటే 99,99,999. అంత కచ్చితంగా చెప్పినవాడు పది కూడా లెక్కపెట్టి ఉండడు. నీ సాఫ్ట్‌వేరూ ఆ బాపతే. నిన్న అభ్యాసానికని ఏడు నూతుల నీళ్ళలో సీసం సగటు కట్టి చూపించావు కదా, ఎంతొచ్చింది? 9.285714. ఆరు దశాంశ స్థానాలు! నీళ్ళు పట్టినవాడు సీసా కడిగాడో లేదో తెలీదు గానీ, ఆరో దశాంశం మాత్రం తెలిసిపోయింది.

మేనకోడలు: రెండు స్థానాలు చాలంటే రెండే రాస్తుంది మావయ్యా. చెప్పాల్సింది నేను.

మాష్టారు: నేననేదీ అదే. చెప్పాలని నీకెలా తెలుస్తుంది? మా రోజుల్లో ప్రామాణిక విచలనం కట్టాలంటే ప్రతి అంకెనీ ముట్టుకునేవాళ్ళం. సగటులోంచి తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, భాగించి, ఆఖర్న వర్గమూలం. ఎక్కడో ఒక అంకె దగ్గర చెయ్యి ఆగేది. ఇదేటి, ఇంత పెద్దదుంది, ఎత్తి రాయడంలో చుక్క గాని జారిందా అని. మీకు చెయ్యి ఆగే చోటే లేదు. ఒక మాట కొట్టడం, జవాబు దిగడం.

మేనకోడలు: చెయ్యి ఆగేది, ఒప్పుకున్నాను. కానీ చేతికి లొంగే లెక్కలే చేసేవాళ్ళు, అవునా కాదా? సగటు, విచలనం పాఠాల్లోకి ఎందుకొచ్చాయి? కాగితం మీద కట్టడానికి వీలు గనక. అంకెలన్నీ మధ్యలో గుమిగూడి, అటూ ఇటూ సమానంగా పలచబడతాయని ముందే అనుకుని కట్టే లెక్కలవి. క్లాసులో పిల్లల ఎత్తులకి సరిపోతాయి. నీళ్ళ అంకెలు అలా ఉంటాయా? పది నూతుల్లో ఏమీ ఉండదు, పదకొండో దాంట్లో ఒక్కసారి ఎగిరి కూర్చుంటుంది. వానా అంతే. నెలంతా చుక్క రాలదు, ఒక్క రాత్రి తిత్లీ తుపాను వస్తుంది. అలాంటివాటికి సగటు కట్టి, దాని చుట్టూ విచలనం చుట్టబెడితే ఏమొస్తుందో తెలుసా? కొన్నిసార్లు సున్నా కంటే తక్కువ వాన వస్తుంది!

మాష్టారు నవ్వారు. సున్నా కంటే తక్కువ వాన ఆయనకి నచ్చింది.

ఆ అమ్మాయి ఇసకలో వేలితో ఏడు అంకెలు రాసింది. ఇవి ఏ ఊరి నూతులవీ కావు, లెక్క కోసం అనుకున్నవి: 5 కంటే తక్కువ, 5 కంటే తక్కువ, 5 కంటే తక్కువ, 6, 8, 11, 40. లీటరు నీళ్ళలో ఇన్ని మైక్రోగ్రాముల సీసం అని లెక్క. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం 10 దాటకూడదు.

మేనకోడలు: మొదటి మూడూ చూశావా? మా రిపోర్టుల్లో వాటికి బీడీఎల్ అని పడుతుంది. మిషను కంటికి ఆనలేదని అర్థం. లేదని కాదు, 5కి లోపల ఎక్కడో ఉందని. ఇప్పుడు సగటు కట్టు.

మాష్టారు: కంటికి ఆననిదాన్ని సున్నా అనుకుంటే మొత్తం 65. ఏడుతో భాగిస్తే 9.3. నీ నిన్నటి జవాబు అదే.

మేనకోడలు: అంటే పదికి లోపు. నీళ్ళు మంచివి. అందరూ చేసేట్టు సగం, రెండున్నర చొప్పున వేస్తే?

మాష్టారు: 72.5. ఏడుతో... 10.4.

మేనకోడలు: నీళ్ళు చెడ్డవి! అయిదేసి వేస్తే 11.4, మరీ చెడ్డవి. నూతులు అవే, సీసాలు అవే, మిషను అదే. మనకి తెలియని మూడు గళ్ళలో ఏం పూరిస్తే తీర్పు అది. చేత్తో కట్టినా ఇంతే, ఎక్సెల్లో కట్టినా ఇంతే. అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసిన డెన్నిస్ హెల్సెల్ అనే ఆయన దశాబ్దాలుగా ఈ సగం వేసే అలవాటు మీదే పోట్లాడుతున్నాడు. 1992లో రాబర్ట్ హిర్ష్‌తో కలిసి నీటి వనరుల గణాంకాల మీద పుస్తకం రాశాడు. ఆయన చెప్పేది ఒకటే, తెలియనిదాన్ని కల్పించకు, తెలిసినంత మేరకే వాడుకో. ‘5 కంటే తక్కువ’ అన్నది కూడా సమాచారమే కదా. వరసలో పెట్టు, నాలుగోది ఎంత?

మాష్టారు: ఆరు. మధ్యగతం.

మేనకోడలు: ఆ మూడు గళ్ళలో నువ్వేం పోసినా అది ఆరే. కదల్దు. ఇంకా ముందుకెళ్ళాలంటే వైద్యుల దగ్గర అప్పు తెచ్చుకున్న పద్ధతొకటి ఉంది. కాప్లాన్, మైయర్ అని ఇద్దరు 1958లో చెప్పారు. రోగి మధ్యలో ఊరు వదిలి వెళ్ళిపోతాడు. ఎన్నాళ్ళు బతికాడో తెలీదు, ‘కనీసం ఇన్నాళ్ళు’ అని తెలుసు. అక్కడ ‘కనీసం’, మాకు ‘మహా అయితే’. తలకిందులు చేస్తే రెండూ ఒకటే లెక్క. ఆర్‌లో దానికి ఒక్క వరస చాలు.

ఇంతలో కింద మెట్టు మీద బట్టలు ఉతుకుతున్న ముసలామె నడుం ఎత్తింది. ఇందాకట్నుంచీ వింటోందన్నమాట.

“బాబూ, ఆ నలబై ఒచ్చిన నుయ్యి ఎవులిది? మా ఈదిలోది కాదు గదా?”

“ఎవరిదీ కాదు పెద్దమ్మా. లెక్క నేర్చుకోడానికి అనుకున్నాం.”

“నేని నూతికేటి ఇంత రబస!” అని ఆమె మళ్ళీ వంగింది.

మాష్టారికి ఊతం దొరికింది.

మాష్టారు: చూశావా? సగటు 9.3 అన్నావు, 11.4 అన్నావు, మధ్యగతం 6 అన్నావు. ఆవిడ అడిగింది ఒక్కటే, నలభై నుయ్యి ఎవరిదీ అని. సగటులోనూ ఆ నుయ్యి కనబడదు, నీ కదలని ఆరులోనూ కనబడదు. అది తాగే ఇంటికి మధ్యగతంతో పనేటి?

మేనకోడలు: (కాసేపు ఆగి) నిజమే. ఏ ప్రశ్నకి ఏ అంకె అన్నది వేరే సంగతి. మండలంలో నీళ్ళు మొత్తానికి ఎలా ఉన్నాయంటే మధ్యగతం. ఎవరి నుయ్యి మూయాలంటే పెద్ద అంకె. ఆ ప్రశ్న సాఫ్ట్‌వేర్ అడగదు, నిజం. నీ ప్రామాణిక విచలనం మాత్రం అడిగిందా?

ఇక్కడ ఒక మాట. ఈ జవాబు మాష్టారికి తగిలిందని ఆయన ముఖం చెప్పింది. చేత్తో కట్టినంత మాత్రాన ప్రశ్న పుట్టదు. నలభై మంది పిల్లల చేత విచలనం కట్టించిన ఏ క్లాసులోనైనా, ఆ అంకెలు ఎవరివని అడిగిన పిల్లలు ఎంతమంది ఉంటారు?

మేనకోడలు: ఇంకోటి చూడు. ఏడు నూతులతో మధ్యగతం ఆరు అన్నాం. ఆ ఆరుని ఎంతవరకు నమ్మొచ్చు? మీ పుస్తకంలో మధ్యగతానికి ఆ లెక్క ఉందా?

మాష్టారు: సగటుకి ఉంది. మధ్యగతానికి... చెప్పలేదు మేము.

మేనకోడలు: చేత్తో కష్టం గనక చెప్పలేదు. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ అనే ఆయన దారి చూపించాడు. ఏడు చీటీల మీద ఏడు అంకెలు రాసి కుండలో వెయ్యి. ఒకటి తియ్యి, రాసుకో, మళ్ళీ కుండలోనే పడెయ్యి. అలా ఏడుసార్లు. వచ్చిన ఏడింటికి మధ్యగతం చూడు. ఇదంతా ఒక విడత. అలాంటివి పదివేల విడతలు.

మాష్టారు: విడతకి నిమిషం వేసుకున్నా నిద్ర లేకుండా ఏడు రోజులు పడుతుంది.

మేనకోడలు: ఈ ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు. చెయ్యనా?

చేసింది. పదివేలలో దాదాపు మూడున్నర వేల సార్లు మధ్యగతం ‘5 కంటే తక్కువ’లో పడింది. దాదాపు పదకొండు వందల సార్లు 11కి గాని 40కి గాని ఎక్కింది.

మాష్టారు: అంటే ఏడు నూతులతో ఏమీ తేలదని. అది చెప్పడానికి పదివేల విడతలా?

మేనకోడలు: తేలదని నువ్వు ఊరికే అన్నావు. ఎంత తేలలేదో ఇది చెప్పింది. ఇంకెన్ని నూతుల నీళ్ళు పట్టాలో ఇక్కణ్ణుంచే లెక్క కట్టొచ్చు. విశాఖలో చదువుకుని కలకత్తా వెళ్ళిన మన సి.ఆర్.రావు గారు 1945లో చూపించింది ఆ జాతి సంగతే కదా. చేతిలో ఉన్న సమాచారంతో ఎంత కచ్చితంగా చెప్పొచ్చో దానికొక హద్దుంటుంది, ఏ పక్కకీ మొగ్గని పద్ధతి ఎంత తెలివైనదైనా దాన్ని దాటలేదని. ఆయన కాలంలో చేత్తో తిప్పే లెక్కల మిషన్లు. ఆయన చేతికి ఈ ల్యాప్‌టాప్ ఇచ్చుంటే వద్దనేవారంటావా?

మాష్టారు: ఆయన హద్దు కనిపెట్టినవాడమ్మా. ఆయనకేమిచ్చినా హద్దు తెలుసు. నీకు ముందు సిద్ధాంతం రావాలి, తర్వాత పనిముట్టు.

మేనకోడలు: గిడుగు రామమూర్తి గారు ముందు వ్యాకరణం నేర్చుకునే సవర మాట్లాడారా?

ఇది మంచి దెబ్బ. గిడుగు పుట్టింది శ్రీముఖలింగం పక్కనే, పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఇక్కడి మధుకేశ్వరుడి గుడి శాసనాల లిపి తనంతట తానే పట్టుకున్నాడు. సవర భాషకి వ్యాకరణం లేని రోజుల్లో సవరల మాట విని, పలికి, తప్పులు చేసి నేర్చుకున్నాడు. వ్యాకరణం తర్వాత ఆయనే రాశాడు, అది 1931లో అచ్చయింది. ఈ ఊళ్ళో ఆయన పేరెత్తాక ఎదురు చెప్పడం కష్టం.

మాష్టారు: (మెల్లిగా) బాగుంది. అయితే ఆయన సవరల మధ్యకి వెళ్ళాడు. సవరల గురించి ఎవరో పంపిన ఫైలు తెరుచుకుని కూర్చోలేదు. నీ ఫైల్లో ఉన్న అంకెలు ఎక్కడ పుట్టాయో నీకు తెలుసా? నా సంగతి చెప్తాను విను. చదువుకునే రోజుల్లో సెలవుల్లో ఒక ఆఫీసులో వానల రిజిస్టరు ఎత్తి రాసే పని దొరికింది. వాన కొలిచే డబ్బా చూసేది పొద్దున్న ఎనిమిదిన్నరకి. పెద్ద తుపాను పట్టిన రోజున చూసేవాడు రాలేకపోయాడు, ఆ గడిలో చిన్న గీత పెట్టారు. నా ముందు ఎత్తి రాసినవాడు గీతని సున్నా చేశాడు. చేతిరాతలో రెండూ ఒకలాగే ఉన్నాయి మరి. ఏడాదిలోకెల్లా ఎక్కువ వాన పడిన రోజు పుస్తకంలో చుక్క పడని రోజైపోయింది. నేనూ సున్నాయే రాశాను. రెండు రోజుల తర్వాత గాని బుర్రకి తట్టలేదు. ఇప్పుడు ఆ పుస్తకం ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించే ఉంటారు. నీ ఆర్ దాన్ని పట్టుకుంటుందా?

మేనకోడలు: సున్నా అని రాసేస్తే పట్టుకోదు.

మాష్టారు: అదీ.

మేనకోడలు: గీతని గీతలాగే ఉంచితే ఏం చేస్తుందో చూడు.

ఆమె ఏడు రోజుల వాన కొట్టి, ఒక చోట ఎన్ఏ అని వదిలింది. సగటు అడిగింది. తెర మీద జవాబు కూడా ఎన్ఏ అనే వచ్చింది.

మేనకోడలు: ఒక్కటి తెలియకపోతే సగటు కూడా తెలియదంటుంది. ఉన్నవాటితో సరిపెట్టమని మనం విడిగా చెప్తే తప్ప సరిపెట్టదు. ఎక్సెల్లో ఖాళీ గడి ఉంటే అడగకుండానే దాటేసి సగటు ఇచ్చేస్తుంది.

మాష్టారు ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఆ రెండక్షరాలు చాలాసేపు చూశారు. తనకి తెలియనిది తెలియదని చెప్పే మిషన్ని ఆయన అదే మొదటిసారి చూడ్డం కాబోలు. “ఇదెవరు తయారు చేశారు?” అన్నారు. న్యూజిలాండులో ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అని ఇద్దరు, తొంభైల మొదట్లో విద్యార్థులకి పాఠం చెప్పడానికి మొదలుపెట్టారని, ఇద్దరి పేర్లూ ఆర్‌తోనే మొదలవుతాయని, ఎవరికైనా ఉచితమని ఆమె చెప్పింది. “పంతుళ్ళా!” అన్నారాయన. ఆ ఒక్క మాటలో సగం పగ తీరింది.

మిగతా సగం నది తీసుకొచ్చింది. ఎదురుగా వంశధార సన్నగా పారుతోంది. ఒడిశా కొండల్లో పుట్టి, గొట్టా బ్యారేజీ దాటి, ఈ గుడి పక్కనుంచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది. 1980 వరద చూసినవాళ్ళు మా ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

మాష్టారు: వందేళ్ళకోసారి వచ్చే వరద అంటారు మీరు. ఒకసారి వచ్చిపోతే ఇంక తొంభై తొమ్మిదేళ్ళు నిశ్చింతా?

మేనకోడలు: ఆ మాటే తప్పు దారి పట్టిస్తుంది. ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశం, అంతే. ముప్పై ఏళ్ళు ఒడ్డున ఇల్లు కట్టుకుని ఉంటే ఒక్కసారైనా వచ్చే సంభావ్యత నూటికి 26. ఇది చేత్తో కూడా కట్టొచ్చు. 0.99ని ముప్పైసార్లు గుణించి ఒకటిలోంచి తియ్యి.

మాష్టారు: ఆ నూటికి ఒక వంతు అన్నది ఎక్కడిది? యాభై ఏళ్ళ పుస్తకంతో వందేళ్ళ వరద చెప్తున్నారు. పైగా గొట్టా దగ్గర అడ్డకట్ట వెయ్యక ముందు నది, వేసిన తర్వాత నది ఒకటేనా? కొండల మీద అడవి అప్పట్లా ఉందా?

మేనకోడలు: ఏడాదికో పెద్ద నీటిమట్టం చొప్పున తీసి గీత గీసే పద్ధతి గుంబెల్ అనే ఆయనది. నది గుణం మారలేదని నమ్మి గీసే గీత అది. మారితే గీత తప్పు. ఎక్కడ మారిందో వెతికే పరీక్షలున్నాయి. వెతకమని చెప్పాల్సింది మాత్రం నేనే. అయితే మావయ్యా, నదిని చూసినవాళ్ళ మాటే వేదం అనకు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరదొచ్చింది. నది అడుగు పైకి లేచిందని, గట్లు ఎత్తు పెంచాలని ఇంజనీర్లు తేల్చారు. వాళ్ళు ఒడ్డున నిలబడి చూసినవాళ్ళే. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ దశాబ్దాల వానల రికార్డులు, నీటిమట్టాల రికార్డులు ముందేసుకుని కూర్చుని, అడుగు లేవలేదు, పైన వానే అసాధారణంగా పడిందని చూపించాడు. గట్లు కాదు, పైన నీళ్ళు ఆపే జలాశయాలు కావాలన్నాడు. అంకెలు పుట్టిన చోటికి వెళ్ళాల్సిందే. వెళ్ళినంత మాత్రాన కళ్ళు నిజం చెప్తాయని లేదు.

మాష్టారు దీనికి జవాబివ్వలేదు. ఉద్దానం వైపు తిరిగారు.

మాష్టారు: సరే, ఉద్దానం సంగతి చెప్పు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు... ఇన్నేళ్ళుగా కిడ్నీలు పోతున్నాయి. ఎంతమంది వచ్చి ఎన్ని సీసాల నీళ్ళు పట్టుకెళ్ళారు! సాఫ్ట్‌వేర్ ఉండి కూడా కారణం ఇదీ అని ఎందుకు తేలలేదు?

మేనకోడలు: సాఫ్ట్‌వేర్ ఉండబట్టే తేలినట్టు కనబడే ప్రమాదం ఎక్కువ. నీళ్ళలో ఇరవై పదార్థాలు కొలిచి, ఒక్కొక్కదానికీ జబ్బుతో సహసంబంధం ఉందా అని పరీక్షించావనుకో. నూటికి అయిదు తప్పులు ఒప్పుకునే పరీక్ష అది. ఏ పదార్థానికీ జబ్బుతో ఏ సంబంధమూ లేకపోయినా, కనీసం ఒకటి ‘దొరికింది’ అని రావడానికి నూటికి 64 వంతులు అవకాశం. దాన్ని పట్టుకుని పేపర్లో వేస్తే ఊళ్ళో జనం నూతులు మూసేస్తారు. చేత్తో అయితే ఇరవై పరీక్షలు చేసే ఓపిక ఎవరికుంది? ఒకటో రెండో ఆలోచించి చేసేవారు.

మాష్టారు: అదే నేను ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది!

మేనకోడలు: కాదు. నువ్వు చేతనైన లెక్కే చెయ్యమన్నావు. నేను చేసిన లెక్కలన్నీ చెప్పమంటున్నాను. ఇరవై చేశాను, ఒకటి వచ్చింది అని రాస్తే చదివేవాడే తూకం వేసుకుంటాడు. నేను కొట్టిన ప్రతి వరసా ఈ ఫైల్లో ఉంది. ఎవరైనా మళ్ళీ నడిపి చూసుకోవచ్చు. నువ్వు చెత్తబుట్టలో వేసిన కాగితాలు ఎవరు చూస్తారు?

హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో ఉద్దానం వెళ్తున్నాయి. ఆ పథకం 2023 డిసెంబరులో మొదలైంది. కారణం తేలకముందే నీళ్ళు మార్చారు. ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు. దాహం రుజువు కోసం ఆగదు. నీళ్ళు మారాక జబ్బు తగ్గిందా లేదా అన్నది మాత్రం ఇక మీదట వచ్చే అంకెలే చెప్పాలి. ఆ అంకెలు ఎవరు, ఎలా, ఏ గళ్ళు ఖాళీ ఉంచి రాస్తున్నారన్నదే ఇప్పుడు నా బెంగ.

చీకటి పడింది. మధుకేశ్వరుడి గుడిలో గంట మోగింది. మాష్టారు లేస్తూ, “ఆ చీటీల లెక్క ఇంకోసారి చూపించు. ముందు మూడు విడతలు నేను చేత్తో తీస్తాను. తర్వాత నీ పదివేలు నడుపు” అన్నారు. మేనకోడలు ఇంటికెళ్ళి చీటీలు చింపుదామంది. ఎవరూ ఓడినట్టు లేదు. ఒప్పుకున్నట్టూ లేదు.

చదివేవాళ్ళకి నాదొక మనవి. మీ వీధి నూతి నీళ్ళ రిపోర్టు ఎప్పుడైనా చేతికొస్తే సగటు చూడకండి. బీడీఎల్ అని ఉన్న గళ్ళెన్నో లెక్కపెట్టండి, మిషను ఎంతకి లోపల చూడలేకపోయిందో పక్కన రాశారో లేదో చూడండి. రాయకపోతే అడగండి. ఆ తర్వాత అన్నిటికంటే పెద్ద అంకె ఎక్కడుందో వెతికి, ఆ నుయ్యి ఎవరిదో కనుక్కోండి.